సిగార్ రుచికి మాటలు వెతికిన రెండు సాయంత్రాలు

నేను చెన్నైలో మసాలా పొడులు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. రోజుకు పాతిక నమూనాల దాకా వాసన చూసి, నాలుక మీద వేసుకుని, ఏది ఎలా ఉందో కాగితం మీద పెట్టడం నా ఉద్యోగం. ధనియాలు ఒక్క నిమిషం ఎక్కువ వేగాయా, మిరప్పొడికి నెమ్ము తగిలిందా, పసుపులో పచ్చివాసన మిగిలిందా, అన్నీ చెప్పాలి. పదహారేళ్ళుగా ఇదే పని. ఇన్నేళ్ళలో నేను రుచి చూడనిది పొగ ఒక్కటే. చూడాలన్న కోరిక మాత్రం చిన్నప్పటి నుంచీ ఉంది. దానికి కారణం మా అమ్మమ్మ.

అమ్మమ్మది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరి ఊరు. ఆవిడ చుట్ట కాల్చేది. ఆ ఊళ్ళో ఆ వయసు ఆడవాళ్ళలో కాల్చనివాళ్ళు తక్కువ. అదీ అడ్డచుట్ట. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, రెండు చేతులతో పని చేసుకుంటూ పోయేది. సంతలో ఆకు కొనుక్కొచ్చి, ఈనె తీసి, కాస్త తడి చూపించి, తొడ మీద చుట్టి దారం కట్టేది. పక్కనే కూర్చుని ఆ ఆకు వాసన చూడటం నాకు ఇష్టం. "అందులో ఏముంటుంది అమ్మమ్మా?" అని అడిగితే "ఏటుంటాదే, పొగే" అనేది. కానీ ఒక సంత ఆకు బాగుందనీ, ఇంకో సంత ఆకు మనకొద్దనీ ఒక్క దమ్ముతో చెప్పేసేది. తేడా తెలిసేది, ఆ తేడాకి ఆవిడ దగ్గర పేరు ఉండేది కాదు. తర్వాత నేను ఈ ఉద్యోగంలో చేరి, ప్రతి వాసనకీ పేరు పెట్టడం నేర్చుకున్నాక, ఆ విషయం నన్ను మరీ వేధించింది. ఆవిడ నాలుకకి తెలిసినదేమిటో నాకు కావాలి.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. ఆ చుట్ట ఆవిడ అంగిటిని తెల్లగా, గరుకుగా మార్చేసింది. విశాఖలో డాక్టరు చూసి వెంటనే మానెయ్యమన్నాడు. మానేసింది, చివరి ఆరేళ్ళు ముట్టుకోలేదు. ఆవిడ ఒక్కతే కాదు. అడ్డపొగ వల్ల అంగిటికి వచ్చే జబ్బుల మీద మన ఆంధ్ర పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి చేసిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. అందుకని సిగార్ రుచికి మాటలు వెతికే ఈ పని మొదలుపెట్టేటప్పుడే నేను లెక్క పెట్టుకున్నాను. రెండంటే రెండే సిగార్లు, అంతకు మించి లేదు. ఆ మాట నిలబెట్టుకున్నాను.

మొదటి ప్రయత్నం నిజానికి రెండేళ్ళ కిందటే జరిగి, మొదలు కాకుండానే ముగిసింది. నగరంలో ఒక దుకాణంలో సిగార్ ఒకటి కొని, మంచి రోజు చూసి కాలుద్దామని వంటింటి అలమరలో పెట్టాను. అది మే నెల. మూడు వారాల తర్వాత తీసి చూస్తే పైఆకు మీద గుండుసూది గుచ్చినట్టు చిన్న చిన్న రంధ్రాలు, పెట్టెలో మెత్తటి పొడి. నాకు గుండె జారిపోయింది, ఎందుకంటే ఆ పొడి నాకు బాగా తెలుసు. మా గోదాముల్లో పసుపు కొమ్ములకూ ధనియాలకూ పట్టే పురుగే అది. దాన్ని సిగరెట్ బీటిల్ అనే పిలుస్తాం, కానీ ఆ పేరు ఎందుకు వచ్చిందో ఆ రోజు దాకా ఆలోచించలేదు. ఆకులో గుడ్లు ముందే ఉంటాయి, వేడి తగిలితే లేస్తాయి. చెన్నై ఎండాకాలంలో అలమర అంటే వాటికి పొదిగే గూడే.

ఈ సంగతి మా మేనమామకి చెప్పాను. ఆయన అమ్మమ్మ కొడుకే. ముప్పై ఏళ్ళు సరుకు ఓడల్లో ఇంజనీరుగా చేసి, రిటైరై అశోక్‌నగర్‌లో ఉంటున్నాడు. చుట్ట ఎప్పుడూ ముట్టుకోలేదు గానీ, ఓడల మీద తిరిగే రోజుల్లో సిగార్ అలవాటైంది. ఇప్పుడు నెలకొకటి. దానికోసం చిన్న ఫ్రిజ్ ఒకటి విడిగా పెట్టుకున్నాడు. 18 డిగ్రీల దగ్గర ఉంచుతాడు. అందులో చెక్కపెట్టె, ఆ పెట్టెలో తేమని 65 నుంచి 69 శాతం మధ్య పట్టి ఉంచే పొట్లాలు. ఎక్కువైతే పీల్చుకుంటాయి, తక్కువైతే వదులుతాయి. మన సముద్రపు ఊళ్ళో తేమ ఎప్పుడూ ఎక్కువే కదా, పెట్టె బయట ఉంచితే ఆకు ఉబ్బి బూజు పడుతుంది. ఏసీ గదిలో పెడితే ఎండి పగులుతుంది. పెట్టె లోపలి చెక్కని స్పానిష్ సెడార్ అంటారు. పేరు అలా ఉందిగానీ అది దేవదారు కాదు, మన వేప కుటుంబానికి చెందిన చెట్టు. పెట్టె మూత తీసి వాసన చూస్తే నాకు పెన్సిలు చెక్కిన తరగతి గది గుర్తొచ్చింది.

"రాసేది నీ ఉద్యోగంలో రాసినట్టే రాస్తానంటే ఒకటిస్తాను" అన్నాడు మావయ్య. "ధర మాత్రం అడగకు. ధర తెలిస్తే నాలుక మాట వినదు."

ఆయన ఎంచినది పద్రోన్ 1964 యానివర్సరీ. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళి వస్తూ తెచ్చుకున్న వాటిలో ఒకటి. ఆ పేరు వెనక కథ ఆయనే చెప్పాడు. హోసే ఓర్లాండో పద్రోన్ క్యూబాలో పొగాకు పండే పినార్ దెల్ రియో ప్రాంతంలో 1926లో పుట్టాడు. విప్లవం తర్వాత దేశం విడిచి అమెరికాలోని మయామీ చేరాడు. ఒక స్నేహితుడు ఇచ్చిన చిన్న సుత్తితో వడ్రంగం పని చేసుకుంటూ 600 డాలర్లు కూడబెట్టి, 1964లో సిగార్ల పని మొదలుపెట్టాడు. 1970లో ఆ పనిని మధ్య అమెరికాలోని నికరాగువాకి తరలిస్తే, 1978లో అక్కడి తిరుగుబాటులో ఫ్యాక్టరీ కాలిపోయింది. మళ్ళీ నిలబెట్టాడు. 1985లో నికరాగువా సరుకు మీద అమెరికా నిషేధం పెట్టింది. అది కూడా దాటాడు. ముప్పై ఏళ్ళు నిండిన సందర్భంగా 1994లో తెచ్చిన రకం ఇది. ఆకు అంతా నికరాగువాదే, కనీసం నాలుగేళ్ళు మగ్గినది. ఆ సుత్తి కథ చెబుతున్నప్పుడు మావయ్య గొంతు మారింది. ఆయన కూడా ఊరి నుంచి ఒక ట్రంకుపెట్టెతో బయలుదేరినవాడే.

రోజు ఎంచుకోవడానికి కాస్త సమయం పట్టింది. చెన్నైలో భోగి నాడు వీధివీధినా మంటలు. ఆ పొగ ఊరిమీద ఉండగా ముక్కు పనికిరాదు. అది పోయేదాకా ఆగి, సంక్రాంతి తర్వాతి ఆదివారం పెట్టుకున్నాం. ఆ రోజు పొద్దున్నించీ కాఫీ తాగలేదు, ఉల్లిపాయ తినలేదు, పౌడరు గానీ సెంటు గానీ రాసుకోలేదు. మధ్యాహ్నం పెరుగన్నం, కాస్త ఉప్పు, అంతే. ఖాళీ కడుపుతో మాత్రం వద్దని మావయ్య గట్టిగా చెప్పాడు. నాలుగున్నరకి మేడ మీద వాటర్ ట్యాంకు వెనక కూర్చున్నాం. సముద్రపు గాలి అప్పుడే లేస్తోంది. గాలికి సిగార్ వేడెక్కి త్వరగా కాలిపోతుంది, అందుకే ఆ గోడ చాటు. అత్తయ్య ఆరేసిన బట్టలన్నీ లోపలికి తీసుకెళ్ళిపోయింది.

ముందు చూడటం. ఐదున్నర అంగుళాల పొడవు. మందం 50 రింగ్ గేజ్ అంటారు, అంటే అంగుళంలో 64వ వంతులు 50, సుమారు 20 మిల్లీమీటర్లు. గుండ్రంగా కాకుండా పలకలుగా ఒత్తి ఉంది. చుట్టూ రెండు కాగితపు పట్టీలు, రెండో పట్టీ మీద నంబరు. నకిలీలు రాకుండా ప్రతి సిగార్‌కీ ఒక నంబరు వేస్తారట. పైఆకు చెక్క రంగులో, సన్నటి నూనె మెరుపుతో, ఈనెలు దాదాపు కనబడకుండా ఉంది. చివరి నుంచి చివరి దాకా వేళ్ళతో మెల్లగా నొక్కుతూ పోయాను. ఎక్కడా గట్టి ముద్ద తగల్లేదు, ఎక్కడా బోలు లేదు. అమ్మమ్మ కూడా చుట్టని అలాగే ఒత్తి చూసేది.

తేడా ఎక్కడంటే, చుట్టకి రెండు కొసలూ తెరిచే ఉంటాయి. ఆకు మీద ఆకు వేసి చుట్టేయడమే. సిగార్‌లో మూడు పొరలు, లోపలి ఆకు, దాన్ని పట్టి ఉంచే ఆకు, పైన కనబడే ఆకు. నోట్లో పెట్టుకునే కొసకి చిన్న ఆకుముక్కతో టోపీ వేసి మూసేస్తారు. లోపలి ఆకులో కూడా మూడు రకాలు కలుపుతారు. మొక్క అడుగు ఆకు బాగా అంటుకుంటుంది, నడిమి ఆకు వాసన ఇస్తుంది, మొక్క కొసన ఎండ ఎక్కువ తిన్న ఆకు ఘాటు ఇస్తుంది. ఇది విన్నప్పుడు మా సాంబారుపొడి గుర్తొచ్చింది. ఒకటి రంగుకి, ఒకటి వాసనకి, ఒకటి కారానికి. మంచి మిశ్రమం చేసేవాడి పని ఎక్కడైనా ఒక్కటే.

చుట్ట అన్న మాటకీ సిగార్‌కీ మధ్య బంధుత్వం ఉంది. మన చుట్టని తమిళంలో సురుట్టు అంటారు, చుట్టినది అనే అర్థంలోనే. ఆ సురుట్టే ఇంగ్లీషువాళ్ళ నోట్లో చెరూట్ అయింది. ఇక్కడ మౌంట్ రోడ్డు మీది స్పెన్సర్ కంపెనీకి ఒకప్పుడు దిండిగల్‌లో చుట్టల ఫ్యాక్టరీ ఉండేది. పోర్చుగీసువాళ్ళతో మన తీరానికి వచ్చిన ఆకు, ఇక్కడి పేరు పెట్టుకుని మళ్ళీ ఓడెక్కిందన్నమాట.

వెలిగించక ముందు పైఆకు వాసన చూశాను. వాన వెలిశాక గడ్డివాము అడుగు భాగం, దానికి కొద్దిగా కోకో. తెరిచిన కొస దగ్గర చూస్తే ఎండుద్రాక్ష. కాగితం మీద రాసుకున్నాను. మావయ్య కట్టర్ ఇచ్చి "టోపీ అంచు దాటకు, రెండు మిల్లీమీటర్లు చాలు" అన్నాడు. ఎక్కువ కోస్తే పైఆకు విడిపోతుంది. కోసి, నిప్పు లేకుండా ఒకసారి లాగాను. గాలి సులువుగా వచ్చింది. ఎండుగడ్డి, వెనక సన్నగా తీపి.

వెలిగించడం నేను అనుకున్నట్టు కాదు. మంటలో పెట్టకూడదు. మంటకి పైన, తాకకుండా, అప్పడం కాల్చినట్టు తిప్పుతూ కొసంతా సమంగా ఎర్రబడనివ్వాలి. పెట్రోలు లైటరైతే ఆ కంపు ఆకుకి పడుతుంది, అందుకని గ్యాసు లైటరు. దాదాపు ఒక నిమిషం పట్టింది. తర్వాత మొదటి దమ్ము. పొగ నోట్లోనే ఉంచాలి, లోపలికి మింగకూడదు.

మొదటి మూడు నాలుగు దమ్ముల్లో మిరియం. నల్ల మిరియం కాదు. నల్ల మిరియంలో ఉండే నిమ్మవాసన ఇక్కడ లేదు. తోలు తీసిన తెల్ల మిరియం కారం, దాని పశువుల కొట్టం వాసనతో సహా. ఇంత స్పష్టంగా ఉంటుందని నేను అనుకోలేదు. కలం పట్టుకున్న చెయ్యి కొంచెం వణికింది. ఇన్నేళ్ళుగా నేను రోజూ ముట్టుకునే వస్తువు, దాని పేరు, ఈ పొగలో దొరికింది.

అప్పుడు మావయ్య ముక్కుతో వదలడం నేర్పాడు. నోరంతా పొగ నింపుకుని, ముప్పాతిక వంతు నోటితో వదిలేసి, మిగిలిన కాస్తా ముక్కులోంచి మెల్లగా బయటికి పంపాలి. మొదటిసారి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కారం నిజానికి రుచి కాదు, ముఖంలోని నరానికి తగిలే మంట. ఆ మంట తగ్గాక అసలు విషయం తెలిసింది. నాలుకకి చేదు, తీపి, వగరు మాత్రమే తెలుస్తున్నాయి. మిగతా ప్రపంచమంతా ముక్కులో ఉంది. మా ల్యాబ్‌లో కొత్తవాళ్ళకి ముక్కు మూసి యాలకులు నమలమని చెబుతాం, ఏమీ తెలియదు, వదలగానే తెలుస్తుంది. ఇదీ అంతే.

సిగార్‌ని మూడు భాగాలుగా లెక్కేస్తే, రెండో భాగంలోకి వచ్చేసరికి మిరియం వెనక్కి వెళ్ళి, దోరగా వేగిన జీడిపప్పు వచ్చింది. తర్వాత చిక్కటి డికాషన్, పాలు పోయనిది. ఆ తర్వాత ధనియాలు. పచ్చివి కాదు, బాణలిలో రంగు తిరగబోయే ముందటివి. ఇవి రాసుకుంటూ నేను తొందరపడ్డాను. పనిలో నమూనా తర్వాత నమూనా చూసే అలవాటు, ఇరవై సెకన్లకో దమ్ము లాగుతున్నాను. సిగార్ వేడెక్కింది, నోట్లో కమరు వాసన మొదలైంది. గాలి కూడా దిశ మార్చుకుని ఒక పక్క గబగబా కాలిపోయింది, ఇంకో పక్క ఆకు అలాగే నిలబడిపోయింది. నా తప్పే. మావయ్య తీసుకుని, వెనకబడిన పక్కకి లైటరు తాకించి సమం చేసి, "నిమిషానికి ఒక్కటి. మధ్యలో దాన్ని వదిలెయ్" అన్నాడు. వదిలేశాక, రెండు నిమిషాలకి, తీపి తిరిగి వచ్చింది. నుసి తెల్లగా, గట్టిగా, ఒక అంగుళం దాకా రాలకుండా నిలబడింది.

అప్పుడు ముక్కులోంచి వదులుతుంటే ఒక వాసన తగిలింది. తియ్యగా, పాతగా, కొంచెం ఘాటుగా. నాకు తెలిసినదే. చాలా బాగా తెలిసినదే. పేరు రాలేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నా రాలేదు. కాగితం మీద ఆరో గీత ఖాళీగా ఉంచాను.

యాభై నిమిషాలయ్యాక నుదుటి మీద చల్లటి చెమట పట్టింది, తల తిరిగింది. మావయ్య వెంటనే సిగార్ తీసుకుని పక్కన పెట్టి, బెల్లంముక్కా నీళ్ళూ ఇచ్చాడు. పొగ మింగకపోతే ఏమీ కాదని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. సిగార్ ఆకుని చాలాకాలం మగ్గబెడతారు కాబట్టి దాని పొగలో క్షారగుణం ఎక్కువ, నికోటిన్ నోటి చర్మం గుండానే ఒంట్లోకి వెళ్ళిపోతుంది. అమ్మమ్మ అంగిలి గుర్తొచ్చి ఆ సాయంత్రం నేను ఇక ముట్టుకోలేదు. చివరి మూడో భాగం గురించి ఆ రోజు రాసింది రెండే మాటలు: కరక్కాయ వగరు, మాడిన బెల్లం.

ఇంటికెళ్ళి రాసుకున్నవన్నీ చూసుకుంటే పద్నాలుగు మాటలున్నాయి. వాటిలో కొన్ని నావి కావు. ఈ సిగార్ గురించి ముందే ఇంగ్లీషులో చదివిన మాటలు మెల్లగా వచ్చి చేరాయి. లెదర్ అని రాశాను. లెదర్ అంటే నాకు తెలిసిన వాసన చెప్పుల దుకాణం. వాళ్ళు చెప్పేది గుర్రపు జీను, అది నేను ఎప్పుడూ వాసన చూడలేదు. మా ల్యాబ్‌లో ఒక నియమం ఉంది. ఏ మాట రాసినా, ఆ మాటకి నమూనా బల్లమీద చూపించగలగాలి. చూపించలేని మాట కొట్టేయాలి. లెదర్ కొట్టేశాను. సెడార్ ఉంచాను, మావయ్య పెట్టె ఉంది కాబట్టి.

రుచి చూసే సిగార్ పత్రికలు పట్టీలు తీసేసి, ఏ కంపెనీదో తెలియకుండా కాలుస్తాయి. 1992లో మొదలైన సిగార్ అఫిషనాడో నూటికి మార్కులు వేస్తుంది. నూటికి వేసే మార్కు మీద నాకు నమ్మకం తక్కువ. 91కీ 92కీ తేడా ఏ ముక్కూ చెప్పలేదు. అదే మనిషి, అదే వస్తువు, రెండోసారి చూసినా అవే మాటలు వస్తాయా అన్నదే నాకు ముఖ్యం. అందుకే రెండోది.

ఫిబ్రవరిలో, మూడు వారాల తర్వాత, మావయ్య పట్టీలు తీసేసిన సిగార్ ఒకటి చేతికిచ్చాడు. "ఏదో చెప్పను. అదే కావచ్చు, కాకపోవచ్చు" అన్నాడు. ఈసారి నేను సిద్ధమై వెళ్ళాను. స్టీలు గిన్నెల్లో తెల్ల మిరియాలు, దోర ధనియాలు, పచ్చి ధనియాలు, వేయించిన జీడిపప్పు, కరక్కాయ, తాటిబెల్లం, ఎండుకొబ్బరి, జాజికాయ, కాఫీ పొడి, గుప్పెడు ఎండుగడ్డి. గడ్డి కోసం మాంబళంలో ఆవుని కట్టుకున్న ఒక తాత దగ్గరికి వెళ్ళాను, ఎందుకని అడగకుండా ఇచ్చాడు. ప్రతి దమ్ముకీ మధ్య ఒక గిన్నె మూత తీసి వాసన చూసి, ఇదేనా కాదా అని పక్కన గుర్తు పెట్టుకున్నాను. ఆ సాయంత్రం గాలి లేదు. నిమిషానికి ఒక్క దమ్ము తప్పలేదు. నలభై ఐదు నిమిషాల దగ్గర, తల తిరగక ముందే ఆపేశాను.

ఎండుకొబ్బరి ఈసారి కొత్తగా వచ్చింది. నూనె ఊరిన కుడక వాసన, రెండో భాగం మొదట్లో. మిరియం పోయినసారి అంత లేదు. డికాషన్ అనుకున్నది కాఫీ పొడి గిన్నెతో సరిపోలలేదు, కొట్టేశాను. జీడిపప్పు, ధనియాలు, గడ్డివాము, కరక్కాయ నిలబడ్డాయి. ఆ పేరు తెలియని వాసన మళ్ళీ వచ్చింది, సరిగ్గా సగం దగ్గర, ముక్కులోంచే. పది గిన్నెల్లోనూ అది లేదు.

"ఏమంటావ్? అదేనా?" అన్నాడు మావయ్య.

"అదే కాదు మావయ్యా. దాని తోడబుట్టింది" అన్నాను.

జేబులోంచి పట్టీలు తీసి చూపించాడు. అదే పెట్టెలోది. నేను ఓడిపోయినట్టు అనిపించలేదు. ఆకు మనిషి చేత్తో ఎంచి, మనిషి చేత్తో చుట్టినది, ఒకే పెట్టెలోవైనా కాస్త తేడా ఉంటుంది. దానికి తోడు మొదటి రోజు గాలీ నా తొందరా కలిసి మిరియాన్ని పెంచాయి. రెండుసార్లూ వచ్చిన మాటలే నా సమీక్షలో ఉంచాను: తెల్ల మిరియం, గడ్డివాము, దోర జీడిపప్పు, దోర ధనియాలు, కరక్కాయ వగరు. ఆరోది ఖాళీ. కట్టుబడి చాలా బాగుంది, దమ్ము సులువు, నుసి గట్టి, రుచి ఒకచోట ఆగిపోకుండా మూడు భాగాల్లోనూ మారుతుంది. చివరి భాగం వగరు నాకు ఎక్కువైంది. మావయ్యకి అదే ఇష్టం. నా దృష్టిలో దీని గొప్పతనం నడిమి భాగంలో ఉంది, ఆ ఇరవై నిమిషాల కోసమే దీన్ని చేశారనిపించింది.

ఆ రాత్రి విశాఖలో ఉన్న అమ్మకి ఫోన్ చేసి ఈ కాగితం చదివి వినిపించాను. అన్నీ విని, ఆ ఖాళీ గురించి అడిగింది. తియ్యగా, పాతగా, కొంచెం ఘాటుగా, అంటుంటే నన్ను ఆపేసింది.

"మంచం కింద కుండ" అంది.

"ఏ కుండ?"

"అమ్మ ఆకు దాచే కుండ. చుట్టగా మిగిలిన ఆకులో బెల్లంనీళ్ళు చిలకరించి, గుడ్డ కట్టి, మంచం కింద పెట్టేది కదా. నువ్వు ఆ మంచం మీదే పడుకునేదానివి."

నాకు నోట మాట రాలేదు. నికరాగువాలో ఆకుని మనిషెత్తు గుట్టలుగా పేరుస్తారు. లోపల వేడి పుట్టి, అమ్మోనియా బయటికి పోయి, ఆకు మెత్తబడి తియ్యబడుతుంది. వేడి మితిమీరకుండా గుట్ట విప్పి, లోపలిది బయటికి, బయటిది లోపలికి తిరగేస్తారు. అమ్మమ్మ వారానికోసారి గుడ్డ విప్పి చేత్తో ఆకు కలిపి మళ్ళీ కట్టేది, అది నేను చూశాను. ఎందుకు చేస్తోందో ఎప్పుడూ అడగలేదు.

"ఆ కుండ ఉందా?"

"అటక మీద ఉంది. వచ్చేటప్పుడు తెస్తాను."

మార్చిలో అమ్మ రైల్లో వస్తూ పాత చీరలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. మావయ్యనీ పిలిచాను. మూత తీసి చూస్తే మట్టి వాసన తప్ప ఏమీ లేదు. అమ్మ ముఖం చిన్నబోయింది. ఇరవై ఏళ్ళయింది మరి. మావయ్య వంటింట్లోకి వెళ్ళి గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి, వేళ్ళతో కుండ లోపలి గోడల మీద చిలకరించాడు. గుడ్డ కప్పి పావుగంట ఆగమన్నాడు. ముగ్గురం నేల మీద కూర్చుని ఆగాం.

గుడ్డ తీశాక మొదట అమ్మ వంగింది, తర్వాత మావయ్య. మావయ్య చాలాసేపు తల ఎత్తలేదు. నా వంతు వచ్చాక చూసి, కాగితం తీసి, ఆరో గీత మీద "కుండలో మగ్గిన ఆకు" అని రాశాను.